బాలోద్యాన నిర్మాత ఫ్రోబెల్

మూడేళ్లు నిండిన బిడ్డను తొలిసారి బడికి పంపే తల్లిదండ్రుల నోట నేడు మనకు వినిపించే మాట ఎల్.కె.జి. దాని తరువాతి మెట్టు యు.కె.జి. ఈ పొట్టి పేర్ల చివర ఉన్న రెండు అక్షరాలు కిండర్‌గార్టెన్ అనే జర్మన్ పదానికి సంక్షిప్త రూపం. ఆ భాషలో కిండర్ అంటే పిల్లలు. గార్టెన్ అంటే తోట. కనుక పిల్లల తోట అని ఆ పదానికి అర్థం. ఆ పేరు పెట్టిన మహనీయుడు తన తోటలో పసివారికి అక్షరమాలను గాని, ఎక్కాలను గాని వల్లె వేయించలేదు. ఒక ఉన్ని బంతి, కొన్ని కొయ్యముక్కలు, రంగుకాగితం, గుప్పెడు మట్టి వారి చేతికి అందించాడు. చేతితో చేసిన పని ద్వారానే పసిమనసు వికసిస్తుందని జీవితమంతా చాటాడు. తన విశ్వాసానికి ప్రతిఫలంగా ప్రభుత్వ నిషేధాన్ని చవిచూశాడు. ఆయనే ఫ్రెడరిక్ ఫ్రోబెల్.

ఫ్రోబెల్ 1782 ఏప్రిల్ 21న జర్మనీలోని తురింగియా అటవీప్రాంతంలో ఓబర్‌వైస్‌బాఖ్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి ఆ ఊరి చర్చికి మతగురువు. చుట్టుపక్కల పల్లెల ధర్మకార్యాల భారం కూడా ఆయనదే కావడం వల్ల ఇంటిపట్టున ఉండే తీరిక తక్కువ. ఫ్రోబెల్‌కు తొమ్మిది నెలల వయసు వచ్చేసరికి తల్లి కన్నుమూసింది. తల్లి ముఖమైనా జ్ఞాపకం లేని ఆ పసివాడు పనివారి చేతుల్లోను, అన్నల నీడలోను పెరిగాడు. కొంతకాలానికి తండ్రి మళ్లీ వివాహం చేసుకున్నాడు. సవతి తల్లి మొదట బాలుణ్ణి ఆదరించింది. ఆమెకు సొంత కుమారుడు కలిగిన తరువాత ఆ ఆదరణ సన్నగిల్లింది. జర్మన్ భాషలో ఆత్మీయులను నువ్వు అని పిలవడం వాడుక. ఆమె ఆ పిలుపు మానివేసి, ఆ కాలంలో తక్కువవారిని సంబోధించే పద్ధతిలో, ఎదుట నిలిచిన బాలుణ్ణి ప్రథమ పురుషలో అతడు అంటూ మాట్లాడసాగింది. ఒక్క సర్వనామం మారడంతో తన ఇంట్లో తాను పరాయివాడైన బాధను ఫ్రోబెల్ వృద్ధాప్యం వరకు మరచిపోలేదు.

ఆ ఒంటరితనంలో ఆయనకు తోడు నిలిచినవి ఇంటి వెనుక తోట, కిటికీలోనుంచి కనిపించే లోకం. ఒకసారి ఊరి చర్చికి మరమ్మతులు జరిగాయి. పనివారు రాళ్లు, కలప పేర్చి కట్టడాన్ని నిలబెట్టడం బాలుడు తదేకంగా చూశాడు. తానూ అలాగే కట్టాలనుకున్నాడు. ఇంట్లో చేతికి దొరికిన సామానుతో ఎంతగానో ప్రయత్నించాడు. ఆ వస్తువులు ఒకదానితో ఒకటి పొసగక అతని కట్టడం నిలవలేదు. ఆడుకోవాలన్న కోరిక బిడ్డలో ఉన్నా, ఆ కోరికకు తగిన సామగ్రిని పెద్దలు అందించకపోతే ఆ శక్తి వృథా అవుతుందన్న సత్యం ఆ చిన్ననాటి నిరాశ నుంచే ఆయనకు తెలిసివచ్చింది. యాభై ఏళ్ల తరువాత ఆయన రూపొందించిన ఆటవస్తువులకు బీజం ఇక్కడే పడింది.

ఫ్రోబెల్ పదేళ్ల వయసులో ఉండగా మేనమామ హోఫ్‌మన్ అతణ్ణి ష్టాట్‌ఇల్మ్ పట్టణంలోని తన ఇంటికి తీసుకుపోయాడు. మేనమామ కూడా మతాచార్యుడే. ఆ ఇంట్లో నమ్మకం, స్వేచ్ఛ, తోటి పిల్లల స్నేహం మొదటిసారిగా బాలుడికి లభించాయి. తల్లి లేని బిడ్డకు మేనమామ ఇల్లే పుట్టిల్లయింది. అక్కడ గడిపిన సుమారు అయిదేళ్లే తన బాల్యంలోని వెలుగు అని ఆయన భావించేవాడు.

పదిహేనేళ్ల వయసులో, 1797లో, తండ్రి అతణ్ణి ఒక అటవీ అధికారి వద్ద పనినేర్చుకొనేందుకు ఉంచాడు. ఆ అధికారికి నేర్పే ఓపిక లేదు. అయినా అడవి ఫ్రోబెల్‌కు గురువయింది. చెట్ల పెరుగుదలను, ఆకుల అమరికను గమనించాడు. గణితం, వృక్షశాస్త్రం పుస్తకాలు తెచ్చుకొని తనంతట తాను చదువుకున్నాడు. 1799లో యేనా విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ చదువుతున్న అన్నకు తన సొమ్ము అప్పుగా ఇచ్చి, తానే అప్పులపాలయ్యాడు. బాకీ తీర్చలేక విశ్వవిద్యాలయ కారాగారంలో తొమ్మిది వారాలు ఉండవలసి వచ్చింది. చదువు మధ్యలో ఆగిపోయింది. 1802లో తండ్రి మరణించాడు. ఆ తరువాత మూడేళ్లపాటు గుమాస్తాగా, భూముల సర్వేయరుగా ఊరూరా తిరుగుతూ ఆయన జీవనం సాగించాడు.

1805లో గృహనిర్మాణశాస్త్రం నేర్చుకోవాలని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం చేరాడు. అక్కడ ఒక ఆదర్శ పాఠశాల ప్రధానోపాధ్యాయుడైన గ్రూనర్ ఆయనలోని సహజమైన బోధనాశక్తిని కనిపెట్టి ఉపాధ్యాయుడిగా చేరమని కోరాడు. భవనాలు కట్టాలనుకున్న యువకుడు ఆ విధంగా తరగతి గదిలో అడుగుపెట్టాడు. తొలిరోజునే తన స్థానం అదేనని గ్రహించాడు. ఆ ఏడాదే స్విట్జర్లాండులోని ఇవెర్డన్ పట్టణానికి వెళ్లి, పేదపిల్లల విద్యకు జీవితం ధారపోసిన పెస్టాలజీ పాఠశాలను దర్శించాడు. 1808 నుంచి 1810 వరకు, తన వద్ద చదువుకొంటున్న ముగ్గురు పిల్లలతో కలిసి అక్కడే నివసించాడు. మాటల కన్న ముందు వస్తువును చూపాలి అన్నది పెస్టాలజీ మార్గం. ఫ్రోబెల్ దాన్ని గౌరవించాడు. వస్తువును బిడ్డకు చూపితే చాలదని, ఆ వస్తువుతో బిడ్డ ఏదైనా చేయాలని మరొక అడుగు ముందుకు వేశాడు.

తరువాత ఆయన గోటింగెన్, బెర్లిన్ విశ్వవిద్యాలయాల్లో ప్రకృతిశాస్త్రాలు అభ్యసించాడు. 1813లో నెపోలియన్ సేనలను ఎదిరించే స్వచ్ఛంద దళంలో సైనికుడిగా చేరాడు. యుద్ధంలో ఆయన కీర్తి గడించలేదు కాని, మిడెన్‌డార్ఫ్, లాంగెటాల్ అనే ఇద్దరు మిత్రులను సంపాదించుకున్నాడు. యుద్ధానంతరం బెర్లిన్‌లో ఖనిజ ప్రదర్శనశాలలో ఆచార్య వైస్ వద్ద సహాయకుడిగా పనిచేశాడు. నిశ్శబ్దమైన ఆ గదుల్లో స్ఫటికాలను వర్గీకరించడం ఆయన పని. ఒక చిన్న రేణువు ఒక క్రమాన్ని అనుసరించి నిర్దిష్టమైన ఆకృతిగా పెరగడం చూసి ఆయన ఆశ్చర్యపడ్డాడు. రాయిలో పనిచేసే క్రమమే మొక్కలోను, మనిషిలోను పనిచేస్తున్నదని ఆయనకు తోచింది. గోళం, ఘనం వంటి సరళాకృతులే పసివారికి తొలి పాఠాలు కావాలన్న ఆలోచనకు ఈ అనుభవం బలమిచ్చింది.

అంతలో కుటుంబంలో ఒక విషాదం సంభవించింది. రోగపీడితులైన సైనికులకు సేవచేస్తూ అన్న క్రిస్టోఫ్ టైఫస్ జ్వరంతో మరణించాడు. ముగ్గురు పిల్లలు తండ్రి లేనివారయ్యారు. ఫ్రోబెల్ ప్రదర్శనశాల కొలువును విడిచి 1816లో గ్రీస్‌హైమ్ గ్రామంలో ఆ ముగ్గురితోపాటు మరో అన్న పిల్లలిద్దరిని చేర్చుకొని పాఠశాల ప్రారంభించాడు. అయిదుగురు విద్యార్థుల ఆ చిన్న బడి మరుసటి ఏడు కైల్‌హావ్ గ్రామానికి తరలింది. 1818లో ఆయన హెన్రియెట్టా విల్‌హెల్మినాను వివాహమాడాడు. బెర్లిన్‌లో ఉన్నతవర్గంలో పెరిగిన ఆమె ఆ కుగ్రామంలోని పేదరికాన్ని భర్తతో సమానంగా పంచుకొంది. 1826లో ఫ్రోబెల్ మానవ విద్య అనే గ్రంథం వెలువరించాడు. ఆట అంటే పొద్దుపుచ్చడం కాదని, పసివాని లోపలి జీవం వెలుపలికి వ్యక్తమయ్యే ప్రధానమార్గం అదేనని ఆ గ్రంథంలో ప్రతిపాదించాడు. ప్రభుత్వాల అనుమానదృష్టి వల్ల, ఆర్థికమైన చిక్కుల వల్ల కైల్‌హావ్ బడి క్రమంగా క్షీణించింది.

1831లో ఆయన స్విట్జర్లాండుకు తరలిపోయాడు. అక్కడ బుర్గ్‌డార్ఫ్ పట్టణంలో అనాథాశ్రమ నిర్వహణ 1835లో ఆయనకు అప్పగించారు. అనాథ బాలలను దగ్గరగా చూసినప్పుడు ఆయనకు ఒక విషయం స్పష్టమైంది. ఆరేడేళ్లకు బడికి వచ్చే బిడ్డ అప్పటికే ఎంతో సంపాదించుకొని వస్తాడు. లేదా ఎంతో పోగొట్టుకొని వస్తాడు. విద్య ప్రారంభం కావలసింది బడిలో కాదు, తల్లి ఒడిలో. తొమ్మిది నెలలకే తల్లిని పోగొట్టుకున్నవాడు ఈ సత్యాన్ని గ్రహించడంలో వింత లేదు. నాటి నుంచి ఆయన దృష్టి మూడు, నాలుగేళ్ల పసివారి మీదికి, వారిని సాకే తల్లుల మీదికి మళ్లింది.

1837లో ఫ్రోబెల్ తురింగియాకు తిరిగివచ్చి బ్లాంకెన్‌బుర్గ్ పట్టణంలో ఒక సంస్థను నెలకొల్పాడు. పిల్లల ఆటవస్తువులను తయారుచేసి ఇళ్లకు పంపడం దాని ముఖ్యోద్దేశం. ఆ వస్తువులకు ఆయన కానుకలు అని పేరు పెట్టాడు. మొదటి కానుక ఆరు రంగుల ఆరు ఉన్నిబంతులు. ఒక్కొక్క బంతికి ఒక దారం ఉంటుంది. తల్లి ఆ బంతిని బిడ్డ కళ్లముందు ఊపుతుంది, దాచిపెడుతుంది, మళ్లీ చూపుతుంది. ఉన్నది, పోయింది, వచ్చింది అన్న మూడు భావాలు మాటలు రాకముందే బిడ్డకు అందుతాయి. మెత్తని ఆ బంతి చంటిబిడ్డ పిడికిలిలో ఇముడుతుంది.

రెండో కానుకలో కొయ్యతో చేసిన గోళం, ఘనం, స్తూపం ఉంటాయి. గోళం ఎటు తోస్తే అటు దొర్లుతుంది. ఘనం కదలక నిలుస్తుంది. స్తూపం నిలబెడితే నిలుస్తుంది, పడుకోబెడితే దొర్లుతుంది. పరస్పర విరుద్ధమైన రెండు గుణాలు మూడోదానిలో కలిసి ఉన్నాయని బిడ్డ తన చేతితోనే తెలుసుకుంటాడు. మూడో కానుక ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే ఒక పెద్ద ఘనం. దాన్ని అందించే పద్ధతి కూడా గమనించదగినది. పెట్టెను బోర్లించి, మూతను పక్కకు లాగి, పెట్టెను మెల్లగా పైకెత్తాలి. అప్పుడు ముక్కలు చెదరకుండా బిడ్డ ముందు ఒక పూర్ణాకృతి నిలుస్తుంది. బిడ్డ దాన్ని విడదీసి కుర్చీ, మెట్లు, ఇల్లు కడతాడు. ముగ్గులాంటి అందమైన అమరికలు చేస్తాడు. సగం, పావు, అరపావు అన్న లెక్కలు తెలుసుకుంటాడు. ఆట ముగిశాక ముక్కలన్నీ మళ్లీ ఒక్క ఘనంగా చేర్చి పెట్టెలో ఉంచాలి. విడదీసినదాన్ని తిరిగి కలిపే అలవాటు ఆ విధంగా అలవడుతుంది. తరువాతి కానుకల్లో ముక్కల సంఖ్య, ఆకృతులు క్రమంగా పెరుగుతాయి.

కానుకలతోపాటు ఫ్రోబెల్ చేతిపనులను కూడా రూపొందించాడు. కానుకకు, చేతిపనికి ఒక భేదం ఉంది. కొయ్యముక్క ఎన్నిసార్లు ఆడినా తన రూపం మార్చుకోదు. చేతిపనిలో వాడే పదార్థం బిడ్డ చేతిలో కొత్తరూపం ధరిస్తుంది. మట్టి పండవుతుంది, గిన్నె అవుతుంది. చదరపు కాగితాన్ని మూలకు మూల కలిపి మడిస్తే త్రికోణమవుతుంది. అంచుకు అంచు కలిపి మడిస్తే దీర్ఘచతురస్రమవుతుంది. మరికొన్ని మడతలతో పడవ అవుతుంది. ఒక రంగు కాగితాన్ని అంచులు వదిలి నిలువుగా కత్తిరించి, ఆ చీలికల్లో మరో రంగు కాగితపు పట్టీలను ఒకటి విడిచి ఒకటిగా పైకీ కిందికీ దూర్చితే చాప అల్లిక సిద్ధమవుతుంది. సరి, బేసి అన్న మాటలు వినకముందే వేళ్లకు వాటి స్వరూపం తెలుస్తుంది. నానబెట్టిన బఠాణీలకు సన్నని పుల్లలు గుచ్చి ఇళ్లు, నిచ్చెనలు నిలబెట్టడం కొంచెం పెద్దపిల్లల పని. బఠాణీలు ఎండినకొద్దీ పుల్లలను గట్టిగా పట్టుకొంటాయి. అట్టమీద చుక్కలు పొడవడం, ఆ చుక్కల వెంట రంగుదారంతో కుట్టడం, గళ్ల పలకమీద గీతలు గీయడం కూడా ఈ వరుసలోనివే.

ఈ పనులన్నిటిలోను ఫ్రోబెల్ ఒక క్రమం పాటించాడు. బంతి, ఘనం వంటి నిండు వస్తువులు ముందు, ఆపైన కాగితం వంటి తలాలు, ఆపైన పుల్ల, దారం వంటి రేఖలు, చివరకు చుక్క. చేతికి దొరికేదాని నుంచి ఊహకు మాత్రమే దొరికేదాని వరకు బిడ్డను నడిపించే మార్గమిది. చుక్కలు కలిపి రాసే అక్షరం ఈ మార్గంలో చివరి మజిలీయే కాని మొదటి మెట్టు కాదు.

ఈ సామగ్రి సంపన్నుల ఇళ్లకు పరిమితం కారాదని, ప్రతి తల్లీ ఇంట్లోనే పిల్లలను ఆడించగలగాలని ఆయన ఆశించాడు. ఆ ఉద్దేశంతో 1844లో తల్లులకోసం పాటలు, ఆటలు, చిత్రాలు గల ఒక పుస్తకం ప్రచురించాడు. వేళ్లు ముడవడం, చాపడం, చప్పట్లు చరచడం, చేతులతో పిట్టలను, తిరగలిని అభినయించడం ఇందులోని ఆటలు. పల్లెతల్లులు తరతరాలుగా ఆడిస్తున్న ఆటలను గమనించి, వాటిలోని విద్యావిలువను తల్లులకే తెలియజెప్పడం ఆ పుస్తకం విశేషం. బిడ్డ అరచేతిలో వేలితో రాస్తూ, ఒక్కొక్క వేలూ ముడుస్తూ, చక్కిలిగింతలు పెట్టి నవ్వించే మన తెలుగు తల్లులు ఆ పుస్తకాన్ని చూస్తే అది తమ ఇంటి ముచ్చటే అనుకుంటారు.

తాను తలపెట్టిన సంస్థకు తగిన పేరు చాలాకాలం ఫ్రోబెల్‌కు దొరకలేదు. బడి అనడం ఆయనకు ఇష్టం లేదు. అక్కడ పాఠం చెప్పడం లేదు. శిశుసంరక్షణాలయం అంటే చాలదు; అక్కడ పిల్లలను కేవలం కాపలా కాయడం లేదు. 1840 వసంతంలో ఒకరోజు మిత్రులతో కలిసి కైల్‌హావ్ నుంచి కొండదారిన బ్లాంకెన్‌బుర్గ్‌కు నడిచి వస్తుండగా, కింద పరచుకొన్న లోయను చూసి ఆయన ఉన్నట్టుండి ఆగిపోయాడని, కిండర్‌గార్టెన్ అన్న పేరు అప్పుడు స్ఫురించి ఆనందంతో కేకవేశాడని ఆయన సహచరులు చెప్పుకొనేవారు. 1840 జూన్ 28న ఆ పేరుతో సంస్థ ప్రారంభమైంది. తోట అన్నది ఉపమానం మాత్రమే కాదు. ప్రతి బిడ్డకూ సొంతంగా ఒక చిన్న మడి, అందరికీ కలిపి ఒక పెద్ద మడి ఉండాలని ఆయన నియమం. విత్తనం నాటిన బిడ్డ నీరు పోస్తాడు, ఎదురుచూస్తాడు. తొందరపెడితే మొక్క పెరగదని తెలుసుకుంటాడు. పిల్లలను పెంచే పెద్దలు నేర్చుకోవలసిన పాఠం కూడా అదే.

జీవితం మాత్రం ఆయన్ను సుఖపెట్టలేదు. ఈ పేరు పెట్టకముందే, 1839లో, భార్య మరణించింది. విరాళాలు చాలక బ్లాంకెన్‌బుర్గ్ సంస్థ 1844లో మూతపడింది. అరవై దాటిన వయసులో ఫ్రోబెల్ ఊరూరా తిరిగి తల్లులకు, ఉపాధ్యాయులకు తన పద్ధతి వివరించాడు. పసివారి విద్యకు స్త్రీలే తగినవారని భావించి యువతులకు శిక్షణ ఇచ్చాడు. స్త్రీకి ఇంటి వెలుపల గౌరవప్రదమైన వృత్తి దొరకడం అరుదైన ఆ కాలంలో ఇది సాహసమే. నెరసిన జుట్టుతో పల్లెపిల్లల చేతులు పట్టుకొని గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆ ముసలివాణ్ణి చూసి కొందరు పిచ్చివాడని నవ్వుకున్నారు. 1849లో లీబెన్‌స్టైన్‌కు వచ్చిన మారెన్‌హోల్జ్-బ్యూలో ప్రభువంశీయురాలు కూడా ఈ పిచ్చివాని కథ విని ఆయన్ను చూడబోయింది. ఆ ఆటలో ఒక దర్శనం ఉందని గ్రహించి శిష్యురాలైంది.

1851 ఆగస్టు 7న ప్రష్యా ప్రభుత్వం తన రాజ్యంలో కిండర్‌గార్టెన్లను నిషేధించింది. అవి పిల్లలకు నాస్తికత్వాన్ని, సామ్యవాదాన్ని నూరిపోస్తున్నాయని నింద మోపింది. 1848లో చెలరేగిన ప్రజావిప్లవాల తరువాత పాలకులు నీడను చూసి బెదిరే కాలమది. ఫ్రోబెల్ అన్న కుమారుడు కార్ల్ ఫ్రోబెల్ స్త్రీవిద్య గురించి, కిండర్‌గార్టెన్ల గురించి ఒక పుస్తకం రాశాడు. అతని భావాలను అధికారులు పినతండ్రికి అంటగట్టారు. తాను వేరు, అతడు వేరు అని ఫ్రోబెల్ విన్నవించుకున్నా ఉత్తర్వు మారలేదు. దైవభక్తితో జీవించినవాడికి నాస్తికుడన్న ముద్ర పడింది. ఉన్నిబంతి, కాగితపు మడత రాజ్యానికి ప్రమాదకరమైన వస్తువులయ్యాయి. మరుసటి ఏడు, 1852 జూన్ 21న, డెబ్బయ్యేళ్ల వయసులో, మారియెన్‌తాల్‌లో ఆయన తుదిశ్వాస విడిచాడు. ఆనాటికి నిషేధం అమలులోనే ఉంది. సమీపంలోని ష్వైనా గ్రామంలో ఆయన సమాధిమీద మిత్రులు నిలిపిన శిలలో ఘనం, దానిపై స్తూపం, దానిపై గోళం ఉన్నాయి. పసివారికి ఆయన ఇచ్చిన రెండో కానుకే ఆయన స్మారక చిహ్నమైంది.

1860లో నిషేధం తొలగింది. అందుకు మారెన్‌హోల్జ్-బ్యూలో చేసిన కృషి ఎన్నదగినది. అప్పటికే ఫ్రోబెల్ శిష్యులు ఆయన తోట విత్తనాలను దేశాంతరాలకు తీసుకుపోయారు. 1856లో మార్గరెతె షుర్జ్ అమెరికాలోని వాటర్‌టౌన్ పట్టణంలో తన ఇంట్లోనే జర్మన్ భాషలో ఒక కిండర్‌గార్టెన్ నడిపింది. 1860లో ఎలిజబెత్ పీబాడీ బోస్టన్‌లో ఇంగ్లీషు భాషలో మరొకటి ప్రారంభించింది. 1876లో జపాన్ రాజధాని టోక్యోలో కూడా ఇటువంటి సంస్థ వెలసింది. అదే ఏడు అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఫ్రోబెల్ కానుకలను చూసిన ఒక తల్లి వాటిని తన కుమారుడికి తెచ్చియిచ్చింది. ఆ బాలుడే తరువాతి కాలంలో ప్రపంచప్రసిద్ధ భవనశిల్పి అయిన ఫ్రాంక్ లాయిడ్ రైట్. నునుపైన ఆ కొయ్యముక్కల స్పర్శ తన వేళ్లను విడిచిపోలేదని ఆయన వృద్ధాప్యంలో కూడా గుర్తు చేసుకొనేవాడు. కట్టడం నిలవక కలతపడిన ఓబర్‌వైస్‌బాఖ్ బాలుని కోరిక మరొక బాలుని చేతుల్లో ఫలించింది.

ఫ్రోబెల్ పద్ధతిలో లోపాలు లేవని చెప్పలేము. ఆయన రాతల్లో అర్థంకాని మార్మికత కొంత ఉంది. అనుచరులు కొందరు ఆయన క్రమాన్ని కఠిన నియమంగా మార్చివేశారు. అందరు పిల్లలూ ఒకే సమయంలో ఒకే మడత వేయాలని నిర్బంధించారు. సన్నని చుక్కలు పొడిచే పని, సూదిపని పసికళ్లకు, లేతవేళ్లకు శ్రమ కలిగిస్తాయని తరువాతి విద్యావేత్తలు సరిగానే విమర్శించారు. పేరు నిలిచి ప్రాణం పోవడం ఏ సంస్కర్తకైనా సంభవించే ప్రమాదం.

మన దేశంలోనూ పసివారి విద్యను గురించి ఆలోచించిన మహనీయులున్నారు. గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం స్థాపించాడు. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ద్వారా అంగన్‌వాడీ కేంద్రాలు పల్లెపల్లెకూ వచ్చాయి. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల వయసు నుంచే ఆటపాటల ద్వారా పునాది విద్య సాగాలని నిర్దేశించింది. ఈ మార్గాలన్నీ ఫ్రోబెల్ మార్గం కాకపోవచ్చు. పసివాడు చేతులతో ఆలోచిస్తాడన్న గుర్తింపు మాత్రం అన్నిటికీ సమానమే.

అయినా ఎల్.కె.జి. అన్న పేరుగల గదిలో మూడేళ్ల బిడ్డ హోంవర్క్ భారంతో వంగిపోవడం నేటికీ అనేక చోట్ల మనం చూస్తున్నాం. ఫ్రోబెల్ కోరింది ఖరీదైన సామగ్రి కాదు. వంటింట్లో చపాతీలు ఒత్తే తల్లి ఒక చిన్న పిండిముద్ద బిడ్డ చేతికి ఇస్తే చాలు. అతడు దానితో పామును, లడ్డూను, పళ్లెమును చేస్తాడు. పాత వార్తాపత్రిక కాగితపు పడవకు, టోపీకి సరిపోతుంది. వినాయకచవితినాడు తెచ్చిన బంకమట్టిలో గుప్పెడు బిడ్డకు మిగిల్చితే అదీ ఒక కానుకే. తాటాకుతో బుట్ట అల్లే తాతయ్య పక్కన కూర్చున్న మనుమడు చాప అల్లికలోని గణితం నేర్చుకుంటాడు. గింజలు, పూసలు వంటి చిన్న వస్తువులను నోట పెట్టుకొనే వయసు పిల్లలకు ఇవ్వకూడదన్న జాగ్రత్త, పక్కన ఒక పెద్దమనిషి ఉండడం, చేసినది వంకరగా ఉన్నా సరిదిద్దకుండా చూసే ఓర్పు మాత్రం అవసరం. ఈ మూడింటిలోను మూడోదే కష్టమైనది.

మన ఇళ్లలో తమ్ముళ్లు, చెల్లెళ్లు, అక్కల పిల్లలు ఉంటారు. వారిలో ఎవరైనా ఒక మట్టిముద్ద పట్టుకొని వచ్చి ఇది ఏనుగు అని చూపినప్పుడు, తొండం ఏదని అడగకుండా పక్కన కూర్చోగలిగితే ఫ్రోబెల్ జీవితం మనకు అర్థమైనట్టే. తనను నువ్వు అని ప్రేమగా పిలిచేవారు లేక అలమటించిన ఒక బాలుడు, లోకంలోని పసివారందరికీ చేతినిండా పనిని, చేయిపట్టి నడిపే తోడును కోరుకున్నాడు. ఆయన చరిత్రలోని సారం ఇదే.

అభ్యాసం

వ్యాసరూప ప్రశ్నలు
1. బాల్యంలోని అనుభవాలు ఫ్రోబెల్ విద్యాదృక్పథాన్ని ఏ విధంగా రూపొందించాయో వివరించండి.
2. కానుకలకు, చేతిపనులకు గల భేదాన్ని ఉదాహరణలతో తెలపండి.

సంక్షిప్త ప్రశ్నలు
1. ఫ్రోబెల్ తన సంస్థను బడి అని ఎందుకు పిలవలేదు?
2. ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించడానికి కారణమేమి?
3. మూడో కానుకను పిల్లలకు అందించే పద్ధతిని తెలపండి.
4. మీ ఇంట్లో దొరికే వస్తువులతో చిన్నపిల్లలచేత చేయించదగిన రెండు పనులను వర్ణించండి.